ముఖసంధియు థ్రిల్లరు చిత్రారంభమును: విద్యార్థి ప్రణాళికపై ఒక విమర్శ

నాటకమునకు ఆరంభమెట్లుండవలెనను ప్రశ్న మన లాక్షణికులకు క్రొత్తది కాదు. నాంది, ప్రస్తావన, ముఖసంధి అను మూడింటిని గూర్చి వారు చేసిన చర్చ అలంకారశాస్త్ర విద్యార్థులకెల్ల పరిచితమే. ఆ ప్రశ్నయే నేడు మరియొక రంగమున, మరియొక పేరుతో, చిన్న వయస్సు విద్యార్థుల యెదుట నిలుచుచున్నది. రెండు నిమిషములకు మించని ఒక చలనచిత్రారంభమును, అందును థ్రిల్లరు జాతికి చెందిన దానిని, ఏ విధముగా పరిశోధించి, ఏ విధముగా ప్రణాళిక వేసికొనవలెను? దీనిని పాఠశాలా పరీక్షకు సంబంధించిన సాంకేతిక విషయముగా భావించి త్రోసివేయుట సులభము. కాని కొంచెము నిదానించి చూచినచో, లక్షణమునకును లక్ష్యమునకును గల సంబంధమను పాత సమస్యయే క్రొత్త వేషముతో కనబడును. ఆ సమస్య మన శాఖలలో జరుగు పరిశోధనకును సంబంధించినదే కావున ఈ వ్యాసమున దానిని విచారింప బూనుకొంటిమి.

ముందుగా ఆ అభ్యాసస్వరూపమును తెలుపవలసియున్నది. ఇంగ్లండులో ఓ.సి.ఆర్. అని వ్యవహరింపబడు పరీక్షామండలి 2008లో ప్రవేశపెట్టిన మాధ్యమాధ్యయన ప్రణాళికలో ఒక ప్రాయోగిక భాగముండెను. అందు చలనచిత్రమును ఎన్నుకొనిన విద్యార్థులు ఒక క్రొత్త కథాచిత్రమునకు నామావళితో కూడిన ఆరంభమును నిర్మింపవలెను. అది రెండు నిమిషములకు మించరాదు. జట్టున నలుగురికంటె ఎక్కువమంది ఉండరాదు. దృశ్యమును ధ్వనియు విద్యార్థుల స్వంతమే కావలెను. హక్కుల బంధము లేని సంగీతమును, ధ్వనులను మాత్రము బయటినుండి గ్రహింపవచ్చును. నూరు మార్కులలో పరిశోధన ప్రణాళికలకు 20, నిర్మాణమునకు 60, స్వీయమూల్యాంకనమునకు 20 కేటాయింపబడెను. అసలు పనికి పూర్వము ఒక చిన్న సాధన కూడ కలదు. ఒక పాత్ర తలుపు తెరచి, గది దాటి, మరియొక పాత్రకెదురుగా కుర్చీలో కూర్చుండి, ఒకటి రెండు మాటలు మాట్లాడవలెను. షాటునకు షాటునకు నడుమ చలనము తెగకుండ అతికించుట, మాట్లాడువారిని మార్చి మార్చి చూపుట, కెమేరా ఇరువురి నడుమనుండు ఊహారేఖను దాటకుండుట అను మూడింటిని నేర్పుటకై ఈ సాధన ఉద్దేశింపబడినది. 2017 నుండి క్రొత్త పాఠ్యప్రణాళికలు వచ్చినవి కావున ఆ పరీక్ష ఆ రూపమున నేడు లేదు. అది లేవనెత్తిన ప్రశ్న మాత్రము మిగిలియున్నది.

కథాజాతిని ఎన్నుకొను స్వేచ్ఛ విద్యార్థులకు ఉండెను. థ్రిల్లరు వారికి ప్రియమగుటకు కారణములు స్పష్టములే. అందులకు గొప్ప మందిరములు, యుద్ధరంగములు, విశేష వేషములు అక్కరలేదు. ఒక వీధి, ఒక మెట్లదారి, ఒక దీపము చాలును. అయితే ఈ సౌకర్యమే ఒక ప్రమాదమునకు మార్గమైనది. ఇట్టి ప్రణాళికలలో సామాన్యముగా కనబడు క్రమమేమనగా: మొదట థ్రిల్లరునకు నిర్వచనము, పిదప ఆ జాతి లక్షణముల పట్టిక, అనగా చీకటి, వాలు కెమేరా, ముఖమును కప్పు ముసుగు, కత్తి, పరుగెత్తు పాదములు, గుండెచప్పుడు వంటి సంగీతము, తరువాత సహాధ్యాయులకు పంచిన ప్రశ్నపత్రము, దానికి వచ్చిన సమాధానముల చక్రరేఖాపటము, ఆపై స్టోరీబోర్డు, షాట్ల జాబితా, స్థలపరిశీలన, ప్రమాదముల అంచనా. మూల్యాంకనమునకై ఇచ్చిన ఏడు ప్రశ్నలలో మొదటిది కూడ, నిజమైన చిత్రముల సంప్రదాయములను నీవెట్లు వాడుకొంటివి, పెంపొందించితివి, లేక ఎదిరించితివి అనునదియే. పట్టికలోని లక్షణములను ఒక్కొక్కటిగా చిత్రమున ఇమిడ్చి, ఇమిడ్చితినని వ్రాసినచో ప్రశ్నకు సమాధానము వచ్చినట్లే విద్యార్థి భావించుట సహజము.

దీని ఫలితమేమి? చీకటి కలదు, ముసుగు కలదు, కత్తి కలదు; ఉత్కంఠ మాత్రము లేదు. ఎవరో పరుగెత్తుచున్నారు, ఎవరో వెన్నంటుచున్నారు. వారెవరో ప్రేక్షకుడెరుగడు, ఎరుగకపోవుటకు బాధపడడు. ఇందు విద్యార్థుల శ్రద్ధకు లోపము లేదు. లోపమంతయు పరిశోధన అడిగిన ప్రశ్నయందున్నది. థ్రిల్లరున ఏమేమి ఉండునని వారడిగిరి. ఆ ఉన్నవి ఏ పని చేయుచున్నవని అడుగలేదు.

మన లాక్షణికుల మాటను ఇచ్చట స్మరించుట అప్రస్తుతము కాదు. ముఖసంధియనగా బీజము పుట్టు చోటు. ధనంజయుడు దశరూపకమున దానికి పండ్రెండు అంగములను చెప్పెను. వానిలో మొదటిది ఉపక్షేపము, అనగా బీజమును నాటుట; రెండవది పరికరము, అనగా దానిని విస్తరింపజేయుట; మూడవది పరిన్యాసము, అనగా దానిని నిలుకడ చేయుట. పండ్రెండింటిలో పరిభావన యనునది ఆశ్చర్యముతో కూడిన కుతూహలమును తెలుపును. ఈ విభాగమంతయు ఒక్క బీజమునకు సంబంధించినదని గమనింపవలెను. అంగములు పండ్రెండైనను నాటవలసిన విత్తు ఒక్కటియే. విత్తు లేక అంగములను మాత్రము పేర్చినచో నేల దున్నినట్లగును గాని పంట రాదు.

ఈ అంగముల పట్టికయు మన నాటకకర్తల చేతిలో కొన్ని వేళల అట్టి యాంత్రికతకు దారితీసినది. ఆ దోషమును మొదటనే కనిపెట్టినవాడు ఆనందవర్ధనుడు. ధ్వన్యాలోకము తృతీయోద్ద్యోతమున ఆయన, సంధులను సంధ్యంగములను రసమునభివ్యక్తము చేయుటకు అనువుగా కూర్పవలెనే గాని శాస్త్రమర్యాదను నెరవేర్చితిమనిపించుకొనుటకు కూర్పరాదని చెప్పెను. అంతటితో ఆగక వేణీసంహారమునుండి ఉదాహరణము చూపెను. యుద్ధము ముంచుకొని వచ్చుచుండగా ద్వితీయాంకమున దుర్యోధనునకు భానుమతితో కల్పింపబడిన శృంగారఘట్టము, ప్రతిముఖసంధికి విలాసమను అంగము చెప్పబడినది కావున వచ్చినదే గాని ఆ నాటక రసము కోరగా వచ్చినది కాదని ఆయన విమర్శ. కత్తియు ముసుగును లేనిచో థ్రిల్లరు కాదేమోయను భయముతో వానిని తెచ్చి పెట్టిన విద్యార్థి చేసినది ఈ పనియే. భట్టనారాయణునంతటివానికి తప్పని పొరపాటు పదునారేండ్ల బాలునకు తప్పకపోవుటలో వింతలేదు.

అట్లయినచో థ్రిల్లరు ఆరంభమున నాటవలసిన బీజమేది? అది సంఘటన కాదనియు, ఎరుక యొక్క పంపకమనియు మా యభిప్రాయము. ప్రేక్షకుడేమి ఎరుగును, పాత్ర యేమి ఎరుగును, ఈ రెండు ఎరుకలకు నడుమ నున్న వ్యత్యాసమెంత, అది ఎప్పుడు తీరును? థ్రిల్లరు ఈ వ్యత్యాసముపై నిలుచుచున్నది. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫోతో చేసిన సంభాషణలలో ఈ విషయమునే ఒక చిన్న దృష్టాంతముతో చెప్పెను. ఇరువురు బల్లయొద్ద కూర్చుండి మాట్లాడుచుండగా బల్ల క్రిందనున్న బాంబు హఠాత్తుగా ప్రేలినచో ప్రేక్షకులకు కలుగునది కొన్ని క్షణముల విస్మయము. బాంబున్నదని వారికి ముందే తెలిపి, మాట్లాడువారికి తెలియకుండ ఉంచినచో, ఆ నిస్సారమైన సంభాషణయే నిమిషముల కొలది ఉత్కంఠకు ఆశ్రయమగును. సంఘటన ఒక్కటియే, పంపకము మారినది.

ఈ సూత్రమును మూడు చిత్రములపై పరీక్షింతము.

మొదటిది ఫ్రిట్జ్ లాంగ్ 1931లో జర్మనీలో తీసిన 'ఎమ్'. ముంగిట పిల్లలు వలయముగా నిలిచి హంతకుని గూర్చిన లెక్కపాట పాడుకొనుచుందురు. ఒక తల్లి కూతురునకై భోజనపు బల్ల సిద్ధపరచుచుండును. కూతురు ఎల్సీ వీథిలో బంతిని ఒక స్తంభమునకు కొట్టుచుండును. ఆ స్తంభముపై హంతకుని పట్టియిచ్చినవారికి పదివేల మార్కుల బహుమతియను ప్రకటన అంటింపబడియున్నది. ఆ ప్రకటనపై ఒక మనుష్యుని నీడ పడును. నీడ బాలికతో మెల్లగా మాట్లాడును. తరువాత మనము చూచునవి: శూన్యమైన మెట్లదారి, ఎవరును కూర్చుండని భోజనస్థానము, గడ్డిపై దొర్లి ఆగిన బంతి, తంతితీగలలో చిక్కుకొనిన బుడగ. హత్య కనబడదు, కత్తియు కనబడదు. ఈ భాగములోని వస్తువులన్నియు ఇంటింట నుండునవే. ప్రకటనను మనము చదివితిమి, నీడను మనము చూచితిమి, తల్లి మాత్రము గడియారమును చూచుచున్నది. ఈ వ్యత్యాసమే భోజనపు పళ్లెమును భయంకరము చేసినది. ఇచ్చట బంతి ఉపక్షేపము, నీడ పరికరము, తీగలలోని బుడగ పరిన్యాసము అని చెప్పినచో సాహసము కాదు.

రెండవది ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్'. మొదటి షాటులో ఒక చేయి కాలయంత్రమును త్రిప్పి, బాంబును ఒక కారు వెనుక పెట్టెలో ఉంచును. ఆ కారు సరిహద్దు పట్టణపు వీథులలో నడచుచుండగా కెమేరా తెగకుండ మూడు నిమిషములకు పైగా వెంబడించును. క్రొత్తగా పెండ్లియైన దంపతులు కాలినడకను దానిని దాటుచు, దానిచే దాటబడుచు సరిహద్దునకు చేరుదురు. కారులోని స్త్రీ తన తలలో ఏదో టిక్కుటిక్కుమనుచున్నదని చెప్పినను ఎవరును పట్టించుకొనరు. ఈ షాటు దీర్ఘమైనది కావున ప్రసిద్ధమని వ్రాయుట పరిపాటి. దైర్ఘ్యము దాని గుణము కాదు, అవసరము. మన ఎరుకకు కాలపరిమితి ఏర్పడినది కావున మధ్యలో తెంచుట గడియారమును ఆపుట యగును.

ఈ చిత్రము విద్యార్థికి ఉపకరించు మరియొక విషయము కలదు. తొలి విడుదలలో నిర్మాణసంస్థ ఈ షాటుపై నామావళిని వేసి, హెన్రీ మాన్సీనీ సంగీతమును వినిపించెను. వెల్స్ వ్రాసిన 58 పుటల విజ్ఞప్తిపత్రము ఆధారముగా 1998లో వాల్టర్ మర్చ్ కూర్పు సవరించినప్పుడు అక్షరములు తొలగినవి. ఒక సంగీతమునకు బదులు వీథిలోని వేరువేరు చోట్లనుండి వచ్చు పాటలును రేడియోధ్వనులును వినవచ్చినవి. రెండు కూర్పులను ప్రక్కప్రక్కన చూచినవారికి నామావళి ఉదాసీనమైన అలంకారము కాదని తెలియును. పేరును చదువు కన్ను కారును వదలివేయును. కావున నామావళితో కూడిన ఆరంభమును నిర్మింపవలసిన విద్యార్థి, అక్షరములెచ్చట పడవలెనను ప్రశ్నను చివరి రోజునకు విడిచిపెట్టరాదు.

మూడవది డేవిడ్ ఫించర్ చిత్రమైన 1995 నాటి 'సెవెన్'. దీని నామావళిని కైల్ కూపర్ రూపొందించెను. గీతలు పడిన అక్షరములు, నోటుపుస్తకములను కుట్టు వ్రేళ్లు, వ్రేలికొనల చర్మమును కోయు బ్లేడు: వీనిని అనుకరించిన విద్యార్థి చిత్రములకు లోటులేదు. కాని అనుకరణమున జారిపోవునది రెండు. మొదటిది, ఈ నామావళి చిత్రమునకు తొట్టతొలి భాగము కాదు. ఇరువురు పోలీసు అధికారుల పరిచయము ముగిసి, వారిలో పెద్దవాడు నిద్రకై లయగడియారమును ఆడించిన పిమ్మట వచ్చును. రెండవది, అందలి ప్రతి వివరమును కథలో ఫలించును. ఆ నోటుపుస్తకములు తరువాత హంతకుని ఇంట బయటపడును. ఆ ఇంట వ్రేలిముద్రలు దొరకకపోవుటకు ఆ బ్లేడే కారణము. హంతకపాత్ర ధరించిన నటుని పేరును ఆరంభ నామావళినుండి బుద్ధిపూర్వకముగా తప్పించిరి. అనగా పేర్ల పట్టికయందును ఎరుక పంపకము జరిగినది. గీతలు పడిన అక్షరములను మాత్రము గ్రహించినవాడు పొట్టును గ్రహించి విత్తును విడిచినవాడు.

ఈ మూడు చిత్రములును పాశ్చాత్యములు కావున ఈ సూత్రమును అచ్చటిదేయని తలపనక్కరలేదు. విశాఖదత్తుని ముద్రారాక్షసము మొదటి అంకము దీనికి మరియొక ఉదాహరణము. సూత్రధారుడు చంద్రగ్రహణమును గూర్చి పలికిన మాట తెరలోనుండి వినిన చాణక్యుడు, తానుండగా చంద్రగుప్తుని పట్టగలవాడెవ్వడని గర్జించుచు ప్రవేశించును. రాక్షసుని ముద్రిక గూఢచారి ద్వారా అతని చేతికి చిక్కును. శకటదాసుని చేవ్రాతతో ఒక లేఖ సిద్ధమై ఆ ముద్రికతో ముద్రింపబడును. ఉంగరము చాణక్యుని వద్దనున్నదని మనమెరుగుదుము, రాక్షసుడెరుగడు. కాని చాణక్యుడు తన వారికి చెవిలో చెప్పిన మాటలు మనకును వినబడవు. ఇట్లు మనము రాక్షసునికంటె అధికముగాను, చాణక్యునికంటె తక్కువగాను ఎరిగియుందుము. ఆ అర్ధజ్ఞానమే పంచమాంకమున లేఖ బయటపడువరకు మనలను నడిపించును. మన తెలుగునందును తిక్కన విరాటపర్వమున నర్తనశాలకు అలంకరించుకొని పోవు కీచకుని తలచుకొనుడు. చీకటిలో శయనించియున్నది భీముడని పాఠకుడెరుగును. కీచకుని ప్రతి సంతోషచేష్టయు ఆ యెరుకవలననే ఘోరమగుచున్నది.

ఇచ్చట ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పవలెను. కథాజాతి యనునది ప్రేక్షకునితో చేసికొనిన ఒడంబడిక. చీకటియు నీడలును దాని గుర్తులు. గుర్తులు నేర్పకయే సృష్టి చేయుమనుట ఒజ్జ లేక విద్య నేర్వుమనుటవంటిదని కొందరనవచ్చును. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. లక్షణజ్ఞానము లేని విద్యార్థి తాను చూచిన ఒకటి రెండు చిత్రములకు బానిసయగును. పట్టిక వానిని కొంతవరకు విముక్తుని చేయును. పైగా పరీక్షకునకు కొలమానము అవసరము. ఎరుక పంపకమును మార్కులతో కొలుచుటకంటె సంప్రదాయములను లెక్కించుట తేలిక. ఇంతవరకు మేమంగీకరింతుము. కాని 'ఎమ్' ఆరంభమున ఆ గుర్తులలో నీడ యొక్కటియే కలదని మరువరాదు. ఆ యొక్కటియు భయమునకు అలంకారముగా రాలేదు. ముఖమును దాచి ఉనికిని మాత్రము తెలుపుటకు వచ్చినది. లక్షణము నేర్పవలసినదే, అది చేయు పనితోకూడ నేర్పవలెను.

ఈ దృష్టితో ప్రణాళిక ఎట్లు మారునో చూపుటకు పైన చెప్పిన తలుపు, గది, కుర్చీ సాధననే తీసికొందము. ఒకడు తలుపు తెరచును, గది దాటును, కూర్చుండును, రెండు మాటలు పలుకును. దీనిలో ఏ ఉత్కంఠయు లేదు. ఇప్పుడు తలుపు తెరచుటకు ముందు ఒక్క షాటు చేర్చుడు: లోపల కూర్చున్నవాడు ఒక చేతిగడియారమును బల్లగుడ్డ క్రిందికి త్రోసి గుడ్డను సరిచేయును. వచ్చినవాని మణికట్టుపై గడియారపు తెల్లని గుర్తు మాత్రము కనబడును. అంతటితో గది దాటుట దీర్ఘమగును; కూర్చుండువాడు బల్లపై చేయి పెట్టునా యని మనము చూతుము; "ఎంతసేపైనది వచ్చి?" అను సాధారణ ప్రశ్న భారమగును. మాట్లాడువారిని మార్చి మార్చి చూపుటయు అప్పుడు వ్యాకరణాభ్యాసముగా మిగులక, ఎవనికెంత తెలిసినదో కొలుచు తులాదండమగును. చీకటి అక్కరలేకపోయెను, పట్టపగలే చాలినది.

కావున స్టోరీబోర్డులో ప్రతి చిత్రము ప్రక్కను మూడు గడులుండవలెనని మా సూచన: ఈ షాటు ముగియునప్పటికి ప్రేక్షకుడు ఎరిగినదేమి, పాత్ర ఎరిగినదేమి, వినబడు ధ్వనియేమి. రెండు షాట్ల పొడుగున ఈ గడులలో మార్పు లేనిచో వానిలో ఒకటి అనావశ్యకము. పరిశోధనకై చూచు ప్రతి చిత్రారంభమును ముందు ఈ గడులలోనికి విడదీసి వ్రాసికొనవలెను. లక్షణముల పట్టిక ఆ తరువాతనే రావలెను. ప్రశ్నపత్రమును కూడ మార్పవలెను. థ్రిల్లరున మీకేమి ఇష్టమని సహాధ్యాయిని అడుగుటవలన వచ్చునది అతడు పూర్వము చూచిన చిత్రముల జాబితాయే. దానికి బదులు తాత్కాలికముగా కూర్చిన స్టోరీబోర్డును అతనికి చూపి, సగములో ఆపి, ఇప్పుడు నీకేమి తెలిసినది, ఏమి జరుగునని భయపడుచున్నావని అడుగవలెను. భయమునకు పేరు పెట్టలేకపోయినచో బీజము పడలేదన్నమాట. స్థలపరిశీలనయు ప్రమాదముల అంచనాకు మాత్రము పరిమితము కారాదు. తలుపునుండి కుర్చీకి నడచుటకు నిజముగా ఎన్ని క్షణములు పట్టునో, ఆ వేళ ఆ గదిలో ఏ ధ్వనులు వినబడునో అచ్చటనే నిలిచి తెలిసికొనవలెను. 120 క్షణములు మాత్రమే చేతనున్నవానికి పది క్షణముల నడక చిన్న విషయము కాదు.

తుదకు మా ఇంటి మాట ఒకటి చెప్పుకొనక తప్పదు. మన పరిశోధనవ్యాసములలో మొదటి ప్రకరణము నిర్వచనములకు, రెండవది లక్షణములకు, మూడవది ఆ లక్షణములకు సరిపడు పద్యముల ఏరివేతకు చెల్లిపోవుట అరుదు కాదు. ఇన్ని ఉపమలు, ఇన్ని ఉత్ప్రేక్షలు, ఇన్ని సంధ్యంగములు అని లెక్క తేలును. ఆ ఉపమ ఆ చోట లేకున్నచో కావ్యమునకు వచ్చు నష్టమేమో తేలదు. ఈ దోషమునకు మేమును అతీతులము కాము. ముసుగులను కత్తులను లెక్కించు బాలుని చూచి నవ్వుటకు ముందు, అలంకారములను లెక్కించు మన పట్టికలను ఒకసారి విప్పి చూచుకొనుట మంచిది. ఆ బాలునకొక మేలు కలదు. వాని చిత్రము రెండు నిమిషములలో ముగియును. చూచువారి ముఖములలో ఉత్కంఠ కలిగినదో లేదో అప్పుడే వానికి తెలియును. మన వ్యాసములకు అట్టి ప్రేక్షకులు ఎదుట ఉండరు. కావున లక్షణము లక్ష్యమున ఏ పని చేయుచున్నదను ప్రశ్నను మనకు మనమే వేసికొనవలసియున్నది.